చీటీ మీద వచ్చిన పేరు

కాపురానికి వచ్చిననాడు కన్యక దగ్గర చెప్పుకోదగ్గ సరుకు ఒక్కటే ఉంది, అందమైన చేతిరాత. మూడో రోజున అత్తగారు సంపూర్ణమ్మ ఆవకాయ జాడీలకి చీటీలు రాసి అంటించమంది. భోజనానికి కూర్చుంటూ మామగారు గున్నేశ్వరరావు ఆ చీటీలు చూశాడు. వ్యాపారం చేసేవాడి కంటికి సరుకు ఎక్కడున్నా ఆనుతుంది. "అమ్మాయ్, ఇవి నువ్వే రాశావా?" అని అడిగి, మర్నాడే ఆమెను కొట్టులోకి తీసుకెళ్లి పేర్లు కొట్టే మిషను ముందు కూర్చోబెట్టాడు.

రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో వాళ్లది స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. ఆ ఊళ్లో గిన్నె కొన్నవాళ్లు దాని మీద పేరు కొట్టించుకోకుండా కొట్టు దిగరు. పెళ్లిలో ఇచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ల పేరుండాలి, బారసాలలో ఇచ్చే కంచం మీద పిల్ల పేరుండాలి. అంతకుముందు ఆ పని చేసిన మనిషికి నెల జీతం ఉండేది. కన్యక వచ్చాక అతన్ని మాన్పించారు. జీతం కొట్టుకి మిగిలింది, కుడి భుజం నొప్పి కన్యకకి మిగిలింది. ఒకసారి ఆ మాట ఎత్తితే భర్త సుమంత్, "వంట చేసినందుకు కూడా బిల్లు వేస్తావా ఏంటి?" అని నవ్వాడు. నవ్వాల్సిన మాటే కాబట్టి కన్యక కూడా నవ్వింది. కానీ ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి నిజంగానే బిల్లు వేసి చూసింది. లెక్క ఎంతకీ తెమలకపోయేసరికి పోపు మాడింది.

ఎనిమిదేళ్లు అలా కొట్టగా కొట్టగా ఆమెకి ఒక విద్య పట్టుబడింది. పేరు చూసి ఏ వీధో చెప్పేస్తుంది. పేర్లు కూడా చీరల డిజైన్ల లాంటివే. మొదట నర్సింగ్ హోములున్న వీధిలో డాక్టరుగారి మనవరాలికి ఒక కొత్త పేరు దిగుతుంది. రెండేళ్లు తిరిగేసరికి అది బట్టల కొట్ల వాళ్ల ఇళ్లలో వినపడుతుంది. ఇంకో మూడేళ్లకి ఆటో వెనక అద్దం మీదికి, రేవులో పడవ పక్కకి చేరుతుంది. అప్పటికి డాక్టర్లు ఆ పేరు వదిలేసి ఇంకోటి వెతుక్కుంటూ ఉంటారు. శాన్వి అలాగే దిగింది, ఆద్య అలాగే దిగింది. పైవాళ్లు పరిగెడుతుంటారు, కిందివాళ్లు తరుముతుంటారు, మధ్యలో కొట్ల వాళ్లకి ఆయాసం. ఇదంతా చూస్తూ కన్యక లోపల్లోపల నవ్వుకునేది. ఆ ఇంట్లో ఆమెకి ఉన్న వినోదం అదొక్కటే.

తన పేరు సంగతికొస్తే, పెనుగొండలో ఆమె పుట్టిన వీధిలోనే ముగ్గురు కన్యకలుండేవారు. అమ్మవారి పేరు, ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించి పెట్టింది కాదు. పెళ్లయ్యాక సుమంత్ స్నేహితులు "ఇంకా కన్యకేనట్రా?" అని వేళాకోళం చేస్తే అతను తల వంచుకుని నవ్వాడు. అత్తగారు ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "అమ్మాయ్" చాలు. మామగారికీ "అమ్మాయ్" చాలు. ఆడపడుచు లక్ష్మీప్రసన్న "వదినా" అంటుంది, సుమంత్ "ఇదిగో" అంటాడు. పెద్దపిల్లని ఇంట్లో బన్నీ అంటారు, దాని అసలు పేరు హిమాంక్షి. లక్ష్మీప్రసన్న పెట్టిన ఆ పేరు మూడేళ్లుగా స్కూలు రిజిస్టరులో పడి ఉంది. దాన్ని ఒక్క ఊపిరిలో పలికిన టీచరు లేదు.

జూలైలో రెండో కాన్పు. మళ్లీ ఆడపిల్ల. ఆపరేషను చేశారు. గున్నేశ్వరరావు ఆసుపత్రి వరండాలోనే, "సరే, ఆడపిల్లే కదా, పేరన్నా గొప్పగా పెట్టుకుందాం" అన్నాడు. కన్యకకి తల్లి లేదు కాబట్టి పురుడు అత్తవారింట్లోనే. పదకొండు రోజులు మైల. ఆ పదకొండు రోజులూ ఆమె తాగిన గ్లాసు కూడా వేరే గూట్లో పెట్టారు. పన్నెండో రోజున పురిటిస్నానం అయింది. ఆమె తల ఇంకా ఆరకముందే మిషను పైకి వచ్చింది, దాని వెనక నూటయాభై చిన్న గిన్నెలు వచ్చాయి.

"బారసాలకి వచ్చేవాళ్లకి పంచడానికమ్మా. కూర్చుని చేసే పనే కదా" అంది సంపూర్ణమ్మ.

"బయటివాళ్లదా, మన పిల్ల పనేగా" అన్నాడు సుమంత్.

గిన్నెల మీద, అందరి ఆర్డర్ల మీద పెట్టినట్టే, ఒక చీటీ పెట్టి ఉంది. పేరు: ధ్వినిష్క. సంఖ్య: నూటయాభై.

కన్యక ఆ చీటీ రెండుసార్లు చదివింది. పక్కన పడుకున్న పిల్లకేసి చూసింది. తన కూతురి పేరు తనకి ఇలా తెలిసింది, కొట్టుకి వచ్చిన ఆర్డరులాగా.

కుట్లు పచ్చిగా ఉన్నాయి. మిషను రొదకి పిల్ల ఉలిక్కిపడుతోంటే దాన్ని అవతలి గదిలో పడుకోబెట్టి, పాలకి ఏడ్చినప్పుడల్లా లేచి వెళ్లి వచ్చి, నాలుగు రోజుల్లో నూటయాభై గిన్నెలూ కొట్టింది. మధ్యలో లక్ష్మీప్రసన్న వచ్చి పేరు కథ చెప్పింది. ఫోనులో ఎవరో పేర్ల గురువుగారట. పిల్ల పుట్టిన ఘడియ పంపి ఫీజు కడితే, ఇంతవరకూ భూమ్మీద ఎవరికీ లేని పేరు పంపుతాడట. ధ్వినిష్క అంటే ఆకాశంలో మొదటి వెలుగట.

"బారసాల దాకా బయటికి పొక్కనివ్వకు వదినా. మన వీధిలో వాళ్ల సంగతి తెలుసుగా, వింటే ఎత్తుకుపోతారు" అంది లక్ష్మీప్రసన్న.

"నన్నొక మాట అడగాల్సింది కదా ప్రసన్నా."

"నీకు పేర్లు కొట్టడం తెలుసు గానీ పెట్టడం ఏం తెలుసు?" అంది లక్ష్మీప్రసన్న, కోపంగా ఏమీ కాదు, మామూలుగానే. మామూలుగా అన్న మాటే ఎక్కువ కాలం ఉంటుంది. కన్యక ఆ రోజంతా ఆ మాట మోసింది. తొమ్మిది నెలలు మోసి, కోయించుకుని, నిద్ర మానుకుని పెంచుతున్న మనిషికి ఒక మాట మీద హక్కు లేదు. రేపు పిల్ల బడికి వెళ్లినా, పెళ్లి చేసుకున్నా, ఎవరు పిలిచినా, ఆ పిలుపులో తల్లి చెయ్యి ఎక్కడా ఉండదు. బన్నీకి పేరు పెట్టినప్పుడు తను ఊరుకుంది, చిన్నతనం. ఇప్పుడూ ఊరుకుంటే అది చిన్నతనం కాదు.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం గున్నేశ్వరరావు మెట్లెక్కి పైకి వచ్చాడు. పిల్లని చూడడానికి కొట్టు వేళలో ఎక్కని మెట్లు ఆయన ఒక చీటీ పట్టుకుని ఎక్కాడు. మొహం వాడిపోయి ఉంది.

"ధవళేశ్వరం నించి చేపలమ్మే వీరదుర్గ వచ్చింది. మనవరాలికి కంచం కొంది. దాని మీద కొట్టమన్న పేరు చూడమ్మా."

కన్యక చూసింది. ధ్వినిష్క. కింద, నాయనమ్మ వీరదుర్గ దీవెనలతో.

పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది. కుట్లు లాగేసరికి పొట్ట పట్టుకుని ఆపుకుంది. గురువుగారు ఒకే సరుకు ఇద్దరికి అమ్మాడు. ఆ పిల్ల తమ పిల్ల కన్నా నాలుగు రోజులు పెద్దది, ఈ ఆదివారమే దానికి బారసాల. పేరు సచివాలయంలో జనన పత్రం మీద రాయించడం కూడా అయిపోయిందట. తమ బారసాల సోమవారం.

ఇంట్లో ఎవరో పోయినట్టు అందరూ హాల్లో కూర్చున్నారు. "చేపల బుట్ట మోసేవాళ్ల పిల్లదీ మన పిల్లదీ ఒకే పేరా?" అంది సంపూర్ణమ్మ. "రేపు ఇద్దర్నీ ఒకే కాన్వెంటులో వేస్తే?" అంది లక్ష్మీప్రసన్న. చివరికి గున్నేశ్వరరావు బేరం ఆలోచించాడు. "కోడలు పిల్ల వెళ్లి అడిగితే బాగుంటుంది. పచ్చి బాలింత వచ్చి అడిగితే ఎవరూ కాదనరు. పేరు మార్చుకుంటే కంచం ఊరికే ఇస్తామని చెప్పు, వెండి గ్లాసు కూడా వేద్దాం."

పొద్దున్నే పెరట్లోకి వెళ్తే గాలి తగులుతుందని అరిచిన అత్తగారు, ఇప్పుడు తనే చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి కారెక్కించింది.

ధవళేశ్వరంలో ఏటిగట్టు కింద కారు ఆపి సుమంత్ అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చున్నాడు. "నువ్వు వెళ్లిరా, నాకు ఆ వాసన పడదు" అన్నాడు. వరద నీళ్లు ఎర్రగా గట్టు అంచుకి వచ్చి ఉన్నాయి. పులస చేపల కాలం కాబట్టి వీరదుర్గ ఇంటి ముందు నలుగురు బేరగాళ్లు నిలబడి ఉన్నారు. కన్యకని చూడగానే ఆవిడ వాళ్లని వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, బాలింతరాలివి, ఇలాగ వచ్చేశావేంటమ్మా? కబురెడితే నేను రానా? కూకో, కూకో. ఈ కుర్చీ కడిగిందేలే."

కన్యక వచ్చిన పని చెప్పింది. చెబుతోంటే తన గొంతు తనకే మామగారి గొంతులా వినపడింది. వెండి గ్లాసు దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తలేకపోయింది.

వీరదుర్గ చివరిదాకా వింది. "నాకు ఆ పేరు నోరు కూడా తిరగదమ్మా, దినుస్కో ఏంటో. పెట్టింది నేను కాదు, దాని తల్లి. మా కోడలు. ఆయమ్మనే అడుగు. ఒసే తలుపులమ్మా, ఇలా రా."

లోపల్నించి పిల్లని భుజాన వేసుకుని ఇరవై రెండేళ్ల అమ్మాయి వచ్చింది. నైటీ, మెడలో పసుపుతాడు, సన్నగా ఉంది. అత్తగారు విషయం చెప్పింది. తలుపులమ్మ కన్యక ఎదురుగా కింద కూర్చుంది.

"గ్లాసు వద్దండి. పేరు ఇవ్వనండి" అంది నెమ్మదిగా. "నేను ఇంటరు చదివానండి రాజమండ్రిలో. హాజరు పిలిచినప్పుడు తలుపులమ్మ అనగానే క్లాసంతా నవ్వేవారు. కిటికీలమ్మ ఏదే అనేవారు. లోవలో వెలిసిన అమ్మవారి పేరండి అది, మా అమ్మ మొక్కుకుంటే పుట్టాను. అయినా నా పేరు వినగానే మాది ఏ పేటో, మా నాన్న ఏం చేస్తాడో అందరికీ తెలిసిపోయేది. నేను నోరు విప్పక ముందే నా సంగతి అయిపోయేదండి. నా పిల్లకి అలా అవకూడదని ఫీజు కట్టాను. పులసల డబ్బుల్లో మా అత్త ఇచ్చింది."

"నా దగ్గర రెండువేలు లాగిందమ్మా" అంది వీరదుర్గ, గొప్పగా.

కన్యక మనసులో లెక్క చూసుకుంది. ఒకే పేరు, ఒకే ఫీజు. తనవాళ్లు తాము ఎవరో అందరికీ తెలియాలని కొన్నారు, ఈ అమ్మాయి ఎవరికీ తెలియకూడదని కొంది. ఎనిమిదేళ్లు పేర్లు చూసి నవ్వుకున్న తన నవ్వు గుర్తొచ్చింది. హాజరు పిలిచిన క్లాసులో తనూ ఒక బెంచీలో కూర్చున్నట్టనిపించింది.

"ఉంచుకోమ్మా. నీ పిల్లకే బాగుంటుంది" అంది లేస్తూ.

"మరి మీ పాపకి మీరేం అనుకున్నారండి?" అంది తలుపులమ్మ.

కన్యక గుమ్మంలో ఆగిపోయింది. పద్దెనిమిది రోజుల్లో ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఈమే. కానీ అసలు దెబ్బ అది కాదు. వెతికితే తన దగ్గర జవాబు లేదు. ఊళ్లోవాళ్ల పేర్లు వేలల్లో కొట్టింది, ప్రతి పేరు మీదా ఒక అభిప్రాయం ఉంది, తన పిల్లకి అని ఒక్కటి కూడా దాచుకోలేదు. అడగరని తెలిసిన మనిషి ఆలోచించడం కూడా మానేస్తుంది. ఎప్పుడు మానేసిందో తనకే తెలియలేదు.

"ఇంకా అనుకోలేదమ్మా" అంది. "అనుకుంటాను."

కారులో సుమంత్ "ఏమన్నారు?" అని అడిగాడు. "ఇవ్వం అన్నారు." "గ్లాసు సంగతి చెప్పావా సరిగ్గా?" "చెప్పాను." "నీకు బేరం చేయడం రాదు" అన్నాడు. ఆమె అప్పటికే ఆలోచనలో ఉంది.

ఆ రెండు రోజులూ ఇంట్లో వాళ్లు గురువుగారికి ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఆమె పాలిస్తూ, గుడ్డలు మారుస్తూ, అన్నం కలుపుతూ ఆలోచిస్తూనే ఉంది. అందంగా ఉన్నవన్నీ ఒక వీధివి, భక్తిగా ఉన్నవన్నీ ఒక పేటవి. ఏది పట్టుకున్నా దాని వెనక తండ్రి కొట్టో, తాత పడవో కనిపిస్తోంది. మనిషి రాకముందే వచ్చి కుర్చీలో కూర్చునే పేరు వద్దు. పిల్ల వచ్చాకే పిల్ల సంగతి తెలియాలి. జడ్జీగారి తల్లికీ, రేవులో వల అల్లే ముసలామెకీ, మిషనరీ బళ్లో లెక్కలు చెప్పిన టీచరమ్మకీ ఒకే పేరు తను కొట్టి ఇచ్చిన సంగతి ఆదివారం సాయంత్రం బన్నీకి పాలు కలుపుతుండగా తట్టింది. ఆమె చెంచా పక్కన పెట్టి, ఉయ్యాల దగ్గరికి వెళ్లి, ఒకసారి మెల్లిగా పిలిచి చూసింది. పిల్ల నిద్రపోతూనే ఉంది. పేరు మాత్రం ఆమె నోటికి సరిపోయింది.

ఈలోగా గురువుగారు దిగొచ్చాడు. మొదటి పేరులో పొరపాటు జరిగింది కాబట్టి ఇంకో పేరు ఉచితంగా ఇస్తానన్నాడు. సోమవారం పొద్దున్న లక్ష్మీప్రసన్న ఆ పేరున్న చీటీ మడతపెట్టి చేతిసంచిలో పెట్టుకుంది. ఈసారి ఎవరికీ చెప్పలేదు, అన్నగారికి కూడా. "పొక్కితే మళ్లీ పోతుంది, నేను మేనత్తని, సమయానికి నేనే చెప్తాను" అంది.

హాల్లో అరవైమంది ఉన్నారు. పళ్లెంలో బియ్యం పోసి, సుమంత్ చేతికి ఉంగరం ఇచ్చి పంతులుగారు సిద్ధంగా కూర్చున్నారు. ఆయనకి పదకొండింటికి ఇంకో బారసాల ఉంది. "ముందు బిడ్డ చెవిలో పేరు చెప్పాలండి, తర్వాత తండ్రి బియ్యంలో రాస్తారు. చెప్పేవారెవరో కానివ్వండి."

లక్ష్మీప్రసన్న సంచి జిప్పు తీసి వెతకసాగింది. తాళాలు, అద్దం, ఫోను. చీటీ దొరకలేదు. "ఒక్క నిమిషమండి" అంది.

పిల్ల కన్యక ఒళ్లో ఉంది. ఆమె తల వంచి, పిల్ల కుడిచెవి దగ్గర నోరు పెట్టి, అరవైమందికీ వినపడేలా చెప్పింది.

"ఉమ. ఉమ. ఉమ."

"ఏంటమ్మాయ్ అది?" అంది సంపూర్ణమ్మ.

"పాప పేరండి."

"ఉమా? పాతికేళ్లయింది ఆ పేరు పెట్టడం మానేసి. ఏ ఇంట్లో చూసినా ఉంటుంది."

"అందుకేనండి."

"వదినా, ఆగు, చీటీ దొరికింది" అంది లక్ష్మీప్రసన్న. అందరూ పంతులుగారి వైపు తిరిగారు. ఆయన గడియారం చూసుకున్నారు. "చెవిన పడ్డ పేరు వెనక్కి తీయకూడదమ్మా. అరిష్టం. పైగా తల్లి నోట పడింది, దానికి మించింది లేదు. రాయండి బాబూ, రెండక్షరాలేగా."

సుమంత్ తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు, చెల్లెలి చేతిలో చీటీని చూశాడు. చివరికి పెళ్లాం మొహంలోకి చూశాడు. ఎనిమిదేళ్లలో అతనికి అక్కడ కనిపించనిది ఏదో కనిపించి ఉండాలి, ఎందుకంటే ఉంగరం బియ్యంలో దించి రాశాడు.

ఇక ఆ బారసాలలో ఎవరికెంత పోయిందీ ఎవరికెంత వచ్చిందీ చూస్తే ఇలా తేలింది. నూటయాభై గిన్నెలూ ముందురోజే ధవళేశ్వరం వెళ్లిపోయాయి. పేరు పడ్డ సరుకు ఇంకెవరికీ అమ్ముడుపోదని తెలిసిన వీరదుర్గ సగం ధరకి బేరమాడి తీసుకుంది. గున్నేశ్వరరావుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. వాళ్ల ఇంటికి వచ్చినవాళ్లందరికీ తలో గిన్నె అందింది, తమ ఇంటికి వచ్చినవాళ్లకి ప్లాస్టిక్ డబ్బాలు పంచారు. లక్ష్మీప్రసన్న భోజనం చేయకుండా వెళ్లిపోయి రెండు నెలలు గడప తొక్కలేదు. సంపూర్ణమ్మ తొమ్మిది రోజులు కోడలితో మాట్లాడలేదు. భుజం నొప్పి తగ్గలేదు. మిషను కిందికి దిగింది, కన్యక మాత్రం పిల్లకి ఆరో నెల వచ్చేదాకా దిగనని చెప్పింది, దిగలేదు. జీతానికి మళ్లీ ఒక మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది.

బారసాల అయిన పదో రోజు పొద్దున్న కన్యక స్నానాల గదిలో ఉండగా పిల్ల ఏడుపందుకుంది. ఉయ్యాల ఊపే దిక్కు ఎవరూ లేక సంపూర్ణమ్మే వచ్చింది. కాసేపు ఊరికే ఊపింది. ఏడుపు ఆగలేదు. "ఊరుకో" అంది, "ఓయ్" అంది, "బంగారం" అంది. ఇంకేం అనాలో తోచక, గొంతు తగ్గించి, "ఉమా" అని పిలిచింది. తడి జుట్టుతో తలుపు వెనక నిలబడి కన్యక ఆ మాట విన్నది. ఈ ఇంట్లో ఎనిమిదేళ్లుగా తన మాట ఒక్కటీ చెల్లలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ప్రతివాళ్లూ, ఇష్టమున్నా లేకున్నా, రోజుకి నలభైసార్లు పలకక తప్పని ఒక మాట ఉంది, అది తనది.